పంపు మెడ దగ్గరి మీటరు

అధ్యక్ష స్థానంలో కూర్చున్న డైరెక్టరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇందాకటి నుంచి గడియారం చూసుకుంటున్న ఆఫీసు పెద్దలకి, ముప్ఫై ఎనిమిదేళ్లు నా కేకలు భరించిన తోటి పనివాళ్లకి, వాళ్ల ఇళ్లవాళ్లకి, ముందు వరసలో కూర్చుని "ఎక్కువ మాట్లాడకండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకి నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా నన్ను పొగిడారు. అందులో సగం నాకే తెలియదు. (నవ్వులు) స్టోరు గుమాస్తా అయితే నేను చాలా శాంతస్వభావుణ్ణి అన్నాడు. పోయిన నెల ఒక వాషరు కోసం నేను ఆయన బల్ల గుద్దితే సిరా బుడ్డి కింద పడింది, ఆ మరక ఇంకా ఆయన చొక్కా మీదే ఉంది, చూడండి. (నవ్వులు) నేను అయిదో తరగతి దాటినవాణ్ణి కాదు. అయినా ఈ కాయితాలు ఎవరి చేతా రాయించుకోలేదు, నేనే రాసుకున్నాను, నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు పెద్దవి కాబట్టి ఇన్ని కాయితాలు కనబడుతున్నాయి, భయపడకండి. మామూలుగా అయితే రెండు ముక్కలు చెప్పి కూర్చునేవాణ్ణి. ఈరోజు చెప్పాల్సింది ఒకటి ఉంది. దాన్ని నోటికి వదిలేస్తే మధ్యలో తప్పుకుంటానేమోనని రాసుకున్నాను.

ముందు, ఇక్కడికి వచ్చిన ఇళ్లవాళ్ల కోసం నా పనేమిటో చెబుతాను, ఎందుకంటే ఈ మనిషి ఆ మూలగదిలో ఇన్నేళ్లు ఏం వెలగబెట్టాడో తెలియనివాళ్లు సగం మంది ఉన్నారు. ఆ గదిలో ఒక ఉక్కు డబ్బా ఉంది, నీళ్ల బిందెకి పెద్దన్నలా ఉంటుంది. నేను దాంట్లోంచి పంపుతో గాలి లాగేస్తాను. అందుకే నాకు 'పంపు బాబాయ్' అని పేరు పడింది, అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా లేదు. డబ్బాకి ఒక పక్క తుపాకిలాంటి గొట్టం ఉంటుంది. దాంట్లోకి ఆర్గాన్ అనే వాయువుని రవ్వంత వదిలి, కరెంటు పెట్టి, ఆ వాయువు కణాలని ఎదురుగా పెట్టిన లోహం ముక్క మీదికి కొడతారు. దాన్నే అయాన్ బీమ్ అంటారు. ఆ దెబ్బలకి లోహం పైపొర నుంచి అణువులు ఎగిరిపోతాయి. ఆకురాయి లేదు, రంపం లేదు, అయినా లోహం అరుగుతుంది. ఎంత అరిగిందో తెలియాలంటే ముక్కని ముందొకసారి, తర్వాతొకసారి తూచాలి. గాజు పెట్టెలో పెట్టిన త్రాసు అది, పక్కన ఎవరైనా తుమ్మితే ఆ రోజు తూకం అయిపోయినట్టే.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి ఇదంతా చెప్పాను. అంతా విని, "నిన్న ఖాళీ చేశారు, ఇవాళా ఖాళీ చేస్తున్నారు, రేపూ అదే పని అంటున్నారు, అంటే మీరు రోజూ ఏదో మిగులుస్తున్నారన్నమాట" అంది. (నవ్వులు) అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత చాలా ఏళ్లకి తెలిసింది, మా పని మొత్తానికి అసలు సంగతి అదేనని.

ఎంత లాగినా ఏదో మిగులుతుంది. కొంచెం చెమ్మ, కొంచెం ఆక్సిజను. అవి డబ్బాలో ఊరికే తిరగవు, వచ్చి లోహం మీద కూర్చుంటాయి. కంటికి కనబడదు, చేతికి తగలదు, అణువు మందాన ఒక పొర. బంగారం దాన్ని దగ్గరికి రానివ్వదు. టైటానియం అలా కాదు, వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకుని కరుచుకుపోతుంది, ఆ కరుచుకున్న పొర అసలు లోహం కంటే గట్టిగా ఉంటుంది. అప్పుడు మనం కొట్టే దెబ్బల్లో సగం ఆ పొర ఊడగొట్టడానికే పోతాయి. ఊడగొట్టేలోపు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దెబ్బలు జోరుగా పడితే దెబ్బలది గెలుపు, నెమ్మదిగా పడితే గాలిది గెలుపు. గాలి గెలిచినప్పుడు లోహం అరగాల్సినంత అరగదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. నాకు చెప్పిన మనిషి అదిగో, నాలుగో వరసలో స్తంభం పక్కన కూర్చుంది, స్తంభం చాటుకి జరుగుతోంది కూడా. తూకమ్మా, జరగకు, కనబడుతున్నావు. (నవ్వులు) పదకొండేళ్ల కిందట చదువుకోవడానికి వచ్చి, రోజంతా ఆ గాజు పెట్టె ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది కాబట్టి ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు పెద్ద సైంటిస్టు. అయినా నేను అలాగే పిలుస్తాను, ఆమె అలాగే పలుకుతుంది.

ఇక్కడి నుంచి నేను కాయితం చూసే చదువుతాను. ఎవరూ అడ్డు రావద్దు.



ఆమె రావడానికి ముందు ఏడాది సంగతి. డబ్బాలో గాలి ఎంత మిగిలిందో చెప్పే మీటరు ఒకటి ఉంటుంది. అప్పట్లో అది లోహం ముక్క పక్కనే, డబ్బా గోడకి ఉండేది. ఎంత చేసినా అది మైనస్ ఏడు దగ్గర ఆగిపోయేది. మైనస్ ఎనిమిది అంటే దానికి పది రెట్లు శుభ్రం. పై అంతస్తు వాళ్ల డబ్బా మైనస్ ఎనిమిది చూపించేది, వాళ్లు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "ఏం బాబాయ్, ఇంకా ఏడులోనే ఉన్నావా" అనేవాళ్లు. చూడవచ్చే పెద్దలు కూడా ముందు వాళ్ల గదికే వెళ్లేవాళ్లు. ఆ ఏడాది పై ఊరి నుంచి ఎవరో పెద్దలు వస్తున్నారన్నారు. నేను ఒక ఆదివారం మన లేత్ మేస్త్రిని పిలిచి, పంపు మెడ దగ్గర, అంటే పంపు గాలి లాగే చోట, గొట్టానికి ఒక పక్క కన్నం చేసి, మీటరు బిగించడానికి చిన్న మూతి అతకమన్నాను.

"ఇక్కడెందుకు, ముక్క పక్కన బాగానే ఉందిగా మీటరు" అన్నాడు వాడు.

"చెప్పింది చెయ్యి, డైరెక్టరువా" అన్నాను.

వాడు చేశాడు. వాడి తప్పేం లేదు. పంపు మెడ దగ్గర గాలి ఎప్పుడూ తక్కువే ఉంటుంది, వాకిట్లో ఊడ్చి ఇల్లంతా శుభ్రంగా ఉందన్నట్టు. మీటరు అక్కడ బిగించాను, మైనస్ ఎనిమిది చూపించింది. అదే డబ్బా, అదే పంపు, అదే గాలి. మారింది మీటరు చోటు ఒక్కటే. ఎవరైనా అడిగితే పాత చోట సరిగ్గా కూర్చోవడం లేదని చెప్పాలనుకున్నాను. ఎవరూ అడగలేదు. చూసి మెచ్చుకున్నారు. డైరెక్టరు గారు అప్పటికి మా విభాగానికి పెద్ద, జుట్టు కూడా నల్లగానే ఉండేది, (నవ్వులు) నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ మనిషి చేతిలో ఏదో ఉంది" అన్నారు. ఆ మాట నేను ఇంటికి వెళ్లి మా ఆవిడకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెబుతుంటే దీపం ఆర్పేసింది.

లాగ్ బుక్కులో ప్రతి రోజూ నేనే రాసేవాణ్ణి, మైనస్ ఎనిమిది అని. నాకు రాయడం వచ్చిందే తక్కువ, ఆ తక్కువలో అది చాలా అందంగా రాసేవాణ్ణి.

ఆ తర్వాత తూకమ్మ వచ్చింది. బంగారం తూచింది, పుస్తకంలో ఎంత ఉందో అంతే అరిగింది. టైటానియం తూచింది, సగమే అరిగింది. మళ్లీ తూచింది, మళ్లీ సగమే. ఏడు నెలలు అదే పని. మీటరు చూస్తే మైనస్ ఎనిమిది, కాబట్టి డబ్బా శుభ్రం. డబ్బా శుభ్రం అయితే తప్పు ఎవరిది? తూచినదానిది. మీటింగులో మన డైరెక్టరు సారే అందరి ముందూ అన్నారు, "నీ చేతులు వణుకుతున్నాయా అమ్మా, లేకపోతే లెక్కలు వణుకుతున్నాయా" అని. అందరూ నవ్వారు. నేను గుమ్మం దగ్గర నిలబడి నవ్వాను. సార్, మిమ్మల్ని ఎత్తిపొడవడానికి ఇది చెప్పడం లేదు. మీరు మీటరుని నమ్మారు. మీటరుని నమ్మడం అంటే నన్ను నమ్మడం.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి మొదలైంది. ఆమె ఏది తూచినా పక్కన ఇంకొకరు తూచి, రెండో సంతకం పెట్టాలి. ఈ సంస్థలో ఇంకెవరికీ ఆ పద్ధతి లేదు.

ఆ పిల్ల ఏడవలేదు. ఒకరోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, నేను డబ్బా అన్నం తింటుంటే ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, ఒక మాట అడగనా?"

"తినేటప్పుడా?"

"తినేటప్పుడైతే అరవరుగా." (నవ్వులు)

"అడుగు."

"నా చేతులు వణికితే బంగారం కూడా తప్పు రావాలి కదా. బంగారం ఎందుకు సరిగ్గా వస్తోంది?"

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

"ఇంకోటి. బీమ్ జోరు పెంచి కొడితే టైటానియం కూడా సరిగ్గా అరుగుతోంది. జోరు తగ్గిస్తేనే సగానికి పడిపోతోంది. అంటే ముక్క మీద ఏదో కూర్చుంటోంది బాబాయ్. మీటరు చెప్పేదానికంటే ఎక్కువ గాలి ఉంది అక్కడ. మీటరు ఒకసారి ముక్క పక్కన పెట్టి చూద్దామా? పాత మూతి అలాగే ఉందిగా, మూత బిగించి."

ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా అడిగింది. ఆమెకి ఆ పాత మూతి కనబడిందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే నిజం అన్నం తినేటప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది. "నువ్వు పుట్టకముందు నుంచి బోల్టులు బిగిస్తున్నాను. తూచడం చేతకాక నా పంపు మీద పడ్డావా? ఆ మీటరు మొదటి నుంచీ అక్కడే ఉంది" అన్నాను. అన్నం డబ్బా మూత వేసేసి లేచి వెళ్లిపోయాను. మొదటి నుంచీ అక్కడే ఉంది అన్నాను. ఆ మాట అబద్ధం. నేను చాలా మందిని తిట్టాను గాని, పని గురించి నోటితో అబద్ధం చెప్పింది ఆ ఒక్కసారే.

ఆ వారమే మా ఆవిడకి కడుపులో గడ్డ తీశారు. నాలుగు రోజులు నేను ఆస్పత్రి వసారాలో ఉన్నాను. అయిదో రోజు పనికి వచ్చి డబ్బా చూద్దును కదా, మీటరు ముక్క పక్కన ఉంది. పంపు మెడ దగ్గరి మూతికి మూత ఉంది. కొత్త రాగి రింగు వేసి, ఆరు బోల్టులూ ఎదురెదురుగా, ఒకదాని తర్వాత దాని ఎదుటిది, పావు చుట్టు చొప్పున బిగించి ఉన్నాయి, సరిగ్గా నేను బిగించినట్టే. అది నేను ఎవరికీ నేర్పలేదు, చూసి నేర్చుకుందన్నమాట. మీటరు మైనస్ ఏడు చూపిస్తోంది. లాగ్ బుక్కు తెరిచి చూశాను, ఆ నాలుగు రోజులూ ఉన్నది ఉన్నట్టు మైనస్ ఏడు అని రాసి ఉంది.

నేను పానా పట్టుకుని అలా నిలబడి ఉండగానే సార్ వచ్చారు. "మీటరు ఎందుకు కదిలింది, నంబరు ఎందుకు పడిపోయింది" అని గట్టిగా అడిగారు. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే మార్చాను సార్. నాకు ముక్క దగ్గరి గాలి కొలవాలి. మొదట్లోనే అడగాల్సింది, నాదే పొరపాటు" అంది.

నాదే పొరపాటు అంది.

(కాయితం తిప్పి)

మంచినీళ్లు వద్దమ్మా, బాగానే ఉన్నాను.

అప్పుడు నోరు తెరవడానికి నాకు ఎంతసేపు పడుతుంది? "సార్, అది కాదు" అంటే చాలు, మూడు ముక్కలు. అనలేదు. పానా తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆమె ఆ మైనస్ ఏడులోనే పని మొదలుపెట్టి, గాలిని కావాలని కొంచెం కొంచెం వదిలి, ఎంత గాలి కూర్చుంటే ఎంత తక్కువ అరుగుతుందో వరసగా కొలిచింది. తనని ఏడు నెలలు తిప్పలు పెట్టినదాన్నే చదువు చేసుకుంది. అది అచ్చయి, దూరదేశాల వాళ్లు కూడా చదివారట. ఇక్కడ మాత్రం అందరూ అనుకున్నది ఒకటే, పాపం మొదట్లో తూచడం రాక తిప్పలు పడింది, తర్వాత నేర్చుకుందని. రెండో సంతకం అలాగే ఉండిపోయింది. సార్, మీరు అది మర్చిపోయి కూడా ఉంటారు. ఎవరూ తీసెయ్యమనలేదు కాబట్టి అది నడుస్తూనే ఉంది. పోయిన మంగళవారం కూడా ఆమె తూచి, తనకంటే ఆరేళ్లు చిన్నవాడి దగ్గరికి కాయితం పట్టుకెళ్లి, వాడు టీ తాగి వచ్చేదాకా నిలబడి సంతకం పెట్టించుకుంది. నేను చూశాను. నేను చూస్తున్నానని ఆమె చూసి, "టీ వేడిగా ఉందట బాబాయ్" అని నవ్వింది.

పదకొండేళ్లలో ఆమె నాతో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మా ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంటికి వచ్చి చూసి వెళ్లింది. నాకు మోకాలు పట్టేసినప్పుడు కింద బోల్టులు తనే బిగించి, పైవి నాకు వదిలేది, నేను చేసినట్టు ఉండాలని. ఎదురు తిరిగి తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తిడితే తిట్టడం నాకు వచ్చు. ఇలా చూసుకుంటే ఏం చెయ్యాలో నాకు రాదు.

ఇప్పుడు కొత్త యంత్రం వస్తోంది. దాన్ని ఎవరి చేతికి ఇస్తారో వచ్చే సోమవారం తేలుతుందట. ఆ పని తీసుకున్న మనిషి తన ఒక్క సంతకంతోనే లెక్కలన్నీ పైకి పంపాలట. టీ బల్ల దగ్గర ఇద్దరు పెద్దలు మాట్లాడుకుంటుంటే విన్నాను. "పని తెలిసింది ఆమెకే గాని, తూకానికే రెండో సంతకం కావాల్సిన మనిషికి యంత్రం ఎలా ఇస్తాం" అన్నారు. ఆ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను, వాళ్లకి తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి. (ఎవరూ నవ్వలేదు)

అందుకని నిన్న మధ్యాహ్నం, తాళాలు అప్పజెప్పే ముందు, పాత లాగ్ బుక్కు తీశాను. ఇదిగో ఇదే, అట్ట చిరిగితే మా ఆవిడ గుడ్డ అతికించింది. పదకొండేళ్ల కిందటి కాయితాలు తిరగేసి, నేను అందంగా రాసిన మైనస్ ఎనిమిదుల పక్కన రాశాను. చదువుతాను. "ఈ నంబరు ముక్క దగ్గరిది కాదు. పంపు మెడ దగ్గరిది. మీటరు మార్చింది నేను. నంబరు కోసం మార్చాను. తూకాలు తప్పు కాదు. నా అబద్ధం తప్పు." కింద నా సంతకం, నిన్నటి తేదీ.

రాశాక మన పద్ధతి గుర్తొచ్చింది. ఒక్క సంతకం చాలదేమో అనిపించి, ఇది పట్టుకుని లేత్ గదికి వెళ్లాను. మేస్త్రి చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇంతకాలం ఎందుకు ఆగావు?" అన్నాడు.

"నీకు తెలుసుగా, నువ్వెందుకు ఆగావు?" అన్నాను.

"నువ్వు చెబుతావని ఆగాను" అన్నాడు. తర్వాత చేతులు గుడ్డతో తుడుచుకుని సంతకం పెట్టాడు. గ్రీజు మరక పడింది గాని పేరు కనబడుతోంది. రెండో సంతకం అది.

తూకమ్మా, నువ్వు లేచి ఏదో అనబోతున్నావు. కూర్చో. పదకొండేళ్ల కిందట నువ్వు నా కోసం మాట్లాడావు. ఈరోజు ఆ పని నన్ను చెయ్యనియ్యి. క్షమించమని కూడా అడగను, అడిగితే వెంటనే ఇచ్చేస్తావు, అది నాకు తేరగా వచ్చినట్టుంటుంది.

ఈ సంస్థ నాకు అన్నం పెట్టింది, తోటివాళ్లు నా కోపాన్ని పంచుకున్నారు, మా ఆవిడ నా గొప్పలు విన్నది, వీళ్లందరికీ నా కృతజ్ఞతలు. మీరు నాకు ఇచ్చిన గోడ గడియారం బాగుంది. దాన్ని నేను ఎక్కడ తగిలించినా ఒకే టైము చూపిస్తుంది, ఆ మేరకు మీటరు కంటే నయం. (నవ్వులు) కొత్త యంత్రం దగ్గర పనిచేసేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మంచి నంబరు కనబడినప్పుడు సంతోషించే ముందు, మీటరు ఎక్కడ బిగించారో వెళ్లి చూడండి.

పాత డబ్బా పంపు ఆపలేదు, నడుస్తూనే ఉంది. మీటరు ముక్క పక్కనే ఉంది. ఈ పొద్దున చూస్తే మైనస్ ఏడు.

డైరెక్టరు గారూ, లాగ్ బుక్కు మీ ముందు పెడుతున్నాను. దీని మీద రెండు సంతకాలు ఉన్నాయి, మూడోది మీరు పెట్టండి. ఆ తర్వాత ఆ అమ్మాయి తూకానికి రెండోది అక్కర్లేదు.

సార్ కళ్లజోడు పెట్టుకున్నారు. చదువుతున్నారు. నా అక్షరాలు కొంచెం కష్టం, టైం పడుతుంది. ఆయన చదవడం అయ్యేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకండి. నేను వెళ్లి మా ఆవిడ పక్కన కూర్చుంటాను.

నా పని అయింది. సెలవు.